ఇసుక మూటలతో వరదనీటికి అడ్డుకట్ట

వరదనీరు ఇంటిలోనికి ఒంటరిగా రాదు. మరుగుదొడ్ల మురుగును, పశువుల పేడను, ఎలుకల మూత్రమును వెంటబెట్టుకొని వచ్చును. విరేచనములు, కలరా, టైఫాయిడు, కామెర్లు, ఎలుకజ్వరము ఇట్టి నీటివలననే వ్యాపించును. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలము వద్ద 75.6 అడుగుల మట్టమునకు పొంగెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోని అనేక పేటలను ముంచివేసెను. అంత పెద్ద వరదను ఏ గృహస్థుడును ఆపజాలడు. కాని గడపవరకు వచ్చు అడుగెత్తు నీటిని ఇసుక మూటలతో కొంతసేపు నిలువరింపవచ్చును. ఆ వ్యవధిలో త్రాగునీటిని, ధాన్యమును, మందులను, పసిపిల్లలను సురక్షిత స్థలమునకు చేర్చుకొనవచ్చును.

సంచులు: బియ్యపు సంచులు, గోనె సంచులు, దులిపిన సిమెంటు సంచులు ఇందుకు తగినవి. అవి చాలనిచో దిండు గలీబులను వాడవచ్చును. పాత దుప్పట్లను, ముతక చీరలను సంచులుగా కుట్టుకొనవచ్చును. పాత పంట్లాము కాళ్ళను కత్తిరించి, ఒక కొనను గట్టిగా ముడివేసినను సంచియగును. పురుగుమందులుంచిన సంచులను మాత్రము ముట్టరాదు.

నింపుట: ఇసుక శ్రేష్ఠము. అది లభింపనిచో పెరటిమట్టిని వాడవచ్చును. ఊక, రంపపు పొట్టు నీటిపై తేలును గనుక పనికిరావు. సంచిని సగమునకు మించి, మూడింట రెండు వంతులకు లోబడి నింపవలెను. నిండుగా కుక్కిన సంచి గుండ్రముగానుండి, ప్రక్క సంచితో అతుకక సందు విడుచును. మూతిని కట్టనక్కరలేదు, మడిచి సంచిక్రిందికి త్రోసిన చాలును. చిన్న సంచియైనను సుమారు 15 కిలోల బరువుండును గనుక ఇద్దరు పట్టి, నడుము వంచక మోకాళ్ళు వంచి ఎత్తవలెను.

పేర్చుట: ముందుగా నేలపైనున్న చెత్తను ఊడ్చివేయవలెను. ప్లాస్టిక్ పట్టాను పరచి, దాని అంచును అడుగు వరుసక్రింద అణచి, మిగిలిన భాగమును నీరు వచ్చు వైపున కట్టపైకి కప్పవలెను. ఇటుకగోడయందు వలె, క్రింది రెండు మూటల అతుకుపై మీది మూట పడవలెను. ప్రతి వరుసను కాలితో త్రొక్కి చదును చేయవలెను. అడుగు ఎత్తు కట్టకు అట్టడుగున మూడు వరుసలు, దానిపై రెండు, పైన ఒకటి యుండవలెను. అనగా అడుగు పొడవునకు ఆరు మూటలు. మూడడుగుల ద్వారమునకు ఇరుప్రక్కల ఒక్కొక్క అడుగు కలిపిన 5 అడుగులగును. అందుకు సుమారు 30 మూటలు కావలెను.

మరుగుదొడ్డి: ద్వారమును మూసినను మురుగు లోపలినుండి పొంగవచ్చును. ఈ సంగతిని పలువురు మరచుదురు. ఒక మూటను ప్లాస్టిక్ సంచిలోనుంచి మరుగుదొడ్డి గిన్నెలో పెట్టవలెను. స్నానపు గది తూమును మరియొక మూటతో మూయవలెను.

హద్దు: మూటల కట్ట నీటిని ఆలస్యపరచునే గాని పూర్తిగా ఆపదు. కొంత నీరు ఊరుచునే యుండును. దానిని బకెట్లతో తోడివేయవలెను. నీరు గదిలోనికి రాకముందే విద్యుత్తు మెయిన్ స్విచ్చిని ఆపవలెను. గృహమును వదలి పొమ్మని అధికారులు చెప్పినపుడు మూటలను నమ్మి నిలువరాదు. వృద్ధులు, గర్భిణులు, శిశువులు గల ఇండ్లవారు అందరికంటె ముందుగా కదలవలెను. కట్ట ఎప్పుడును మనుష్యులు వెలుపలికి పోవు దారిని మూయరాదు.

వరద తగ్గిన పిదప: తడిసిన మూటలు మురుగును పీల్చుకొనియుండును. చేతులకు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని తొడిగికొని వాటిని తీయవలెను. ఆ ఇసుకను పిల్లలు ఆడుకొను చోటగాని, కూరగాయల మడులలోగాని పోయరాదు. పని ముగిసినంతనే సబ్బుతో చేతులు, కాళ్ళు కడుగుకొనవలెను. పుండ్లున్నవారు ఈ పనికి దిగకుండుట మేలు. బావినీటిని శుద్ధి చేయించువరకు, త్రాగునీటిని తెర్లునట్లు కాచి చల్లార్చియే వాడవలెను. జ్వరము, విరేచనములు, కండ్లు పచ్చబడుట కనిపించినచో జాగు చేయక వైద్యుని దర్శింపవలెను.

వరద వచ్చిన నాడు సంచులకై వెదకుట వ్యర్థము. వానకాలమునకు ముందే 30 ఖాళీ సంచులను, ఒక పారను, ఒక ప్లాస్టిక్ పట్టాను అటకపై భద్రపరచుకొనుడు.