ఎంత పెద్ద పెరిక కావాలి?

ముంబయి కామాఠిపురలో ఉండే మా చిన్నాయిన ప్రతి దసరాకు క్రూయిజర్ బండి మీదనే ఊరికొస్తాడు. పుణె, సోలాపూర్ మీదుగా హైదరాబాద్ దాకనే సుమారు 700 కిలోమీటర్లు. నిరుడు పాత సంచులు చాలడం లేదని పెద్దవి వేయించాడు. ఊరు చేరేసరికి కుడి సంచి అడుగు సైలెన్సర్‌కు ఆని కాలింది. లోపలున్న నానమ్మ పెండ్లి చీర అంచు కూడా కాలింది. "నువ్వు మంచిగొచ్చినవ్, చీరదేముంది కొడుకా" అన్నది గానీ, ఆ రాత్రి చాలాసేపు ఆ అంచును తడుముతూ కూర్చుంది.

ఎండాకాలం సెలవుల్లో కామాఠిపుర పోయినప్పుడు, కొత్తవి కొనేముందు మేమిద్దరం టేపు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడు తెలిసిన సంగతులే ఇవి.

ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడేలా వేసే గోనెను మనవాళ్లు పెరిక అన్నారు. అట్లా సరుకు మోసేది పెరికెద్దు. ఒక పక్క బరువెక్కితే ఎద్దు నడక తప్పుతుంది. బండీ అంతే, మలుపులో ఒరుగుతుంది. అందుకే రెండు సంచుల బరువు సమానంగా ఉండాలి. బరువైనవి అడుగున, సీటు వైపు పెట్టాలి.

దుకాణంలో లీటర్లు చెబుతారు. 40 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు, 15 మందం ఉన్న సంచి 18 లీటర్లు. మందం 25 చేస్తే 30 లీటర్లు. బట్టలైతే సరే, బియ్యం నింపితే ఆ ఒక్క సంచే 20 కిలోలు దాటుతుంది. బండితో ఇచ్చే పుస్తకంలో మొత్తం ఎంత బరువు వేయొచ్చో ఉంటుంది. నడిపేవాళ్లూ, వెనక కూర్చునేవాళ్లూ ఆ లెక్కలోనే వస్తారు.

ఇక సంచిని నింపి కట్టి చూడాలి. ఖాళీ సంచి ఆనదు, నిండింది కిందికి జారుతుంది. చక్రానికీ సైలెన్సర్‌కూ తగలకుండా ఇనుప స్టే ఉండాలి. వేలాడే పట్టీ చక్రంలో పడితే ప్రాణానికే ముప్పు. వెనక ఇండికేటర్లు కనబడాలి, వెనక కూర్చున్నవాళ్ల కాళ్లకు చోటుండాలి. సంచులతో కలిపి వెడల్పు హ్యాండిల్‌ను దాటకపోతే మేలు, దూరిన సందులోంచి బయటికి రావచ్చు.

చాల్‌లో ఇంకొక కొలత ఉంది: మెట్లు. ముంబయి కట్టడాల పనికి పోయిన తెలుగు కూలీలు కామాఠీలు, వాళ్ల పేరుతోనే ఆ పేట. చిన్నాయిన ఉండేది రెండో అంతస్తు. చెక్కమెట్లు ఇరుకు, లిఫ్టు లేదు. రాత్రి సంచులు గల్లీలో వదలలేం. అందుకే సులువుగా ఊడేవి, రెండు చేతుల్లో పట్టుకుని ఎక్కగలిగేవి కావాలి. వాన కోసం లోపల ప్లాస్టిక్ సంచి వేరే.

చివరికి 18 సెంటీమీటర్ల మందం దగ్గర ఆగినం. ఒక్కొక్కటి దాదాపు 22 లీటర్లు. పాతవాటికన్నా పెద్దవే, చిన్నాయిన అనుకున్నంత పెద్దవి కావు. పట్టనివి పార్శిల్‌లో వస్తాయి.

నానమ్మ కాలిన మేరకు కత్తిరించి అంచు కుట్టుకుంది. ఈ దసరాకు ఆ చీరే కడతానంటోంది.