వార్తల్లో పదం: మైక్రోస్లీప్

తెల్లవారుజామున హైవే మీద ఆగి ఉన్న లారీని కారు ఢీకొట్టిందని చదివినప్పుడల్లా, చివర్లో ‘డ్రైవర్ నిద్రమత్తే కారణం’ అని ఉంటుంది. ఆ మత్తులో ఒక రకమే మైక్రోస్లీప్. మెదడు కొన్ని క్షణాలు నిద్రలోకి జారుకోవడం అన్నమాట. కళ్లు తెరిచే ఉండొచ్చు, పడుకున్నట్టు డ్రైవర్‌కే తెలియకపోవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు కునుకు పడితే బండి 110 మీటర్లకు పైగా దానంతటదే పోతుంది. రాత్రి 2 నుంచి ఉదయం 6 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్న భోజనం తర్వాత ముప్పు ఎక్కువ.

తాగినవాణ్ని పట్టుకోవడానికి బ్రీత్ ఎనలైజర్ ఉంది. నిద్రకు అలాంటిదేదీ లేదు. 17 గంటలకు మించి మేలుకుని ఉంటే చురుకుదనం మద్యం తాగినవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2000లోనే తేల్చారు. అమెరికాలో నేషనల్ స్లీప్ ఫౌండేషన్ ఏటా నవంబరులో దీనిపై అవగాహన వారోత్సవం జరుపుతుంది. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. కిరాయి బళ్లలో అది కాగితానికే పరిమితమైంది.

కిటికీ అద్దం దించడం, పాటల మోత పెంచడం పనిచేయవు. ఆవలింతలు ఆగకపోతే బండి రోడ్డుకు దూరంగా, పెట్రోలు బంకులోనో ధాబా దగ్గరో ఆపి, కాఫీ తాగి 20 నిమిషాలు పడుకోండి.