ప్రణయ నవల - పఠనతృప్తి

ప్రణయ నవలను గూర్చి మన విమర్శకులు వ్రాసినది కొంత కలదు గాని, అందు పెక్కు భాగము నిందయే. అది కాలక్షేపపు సరకనియు, పగటికలల మూటయనియు, కథలన్నియు నొక్క మూసలో పోసినవే యనియు వారి యాక్షేపణలు. వీనిలో సత్యము లేదని మేము చెప్పము. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. మూస యొక్కటే యైనచో, ఒక చదువరి ఇరువది నవలలు చదివి, రెండింటిని మాత్రము దాచుకొని మరల మరల చదువుటకును, తక్కిన పదునెనిమిదింటిని మరచుటకును హేతువేమి? ఆ రెండింటిలో నుండి తక్కినవానిలో లేని గుణమేది? దానిని నిర్ణయించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట పరిభాషను స్థిరపరచుకొందము. ప్రేమ ప్రసక్తి గల ప్రతి నవలయు ప్రణయ నవల కాదు. శరత్ చంద్రుని ‘దేవదాసు’ (1917) ప్రేమకథయే. కాని అది మరణాంతము. రంగనాయకమ్మ ‘బలిపీఠము’ వర్ణాంతర వివాహముతో ముగియక, ఆ వివాహము తరువాతి కష్టమును చిత్రించును. ఇవి రెండును మా విచారణకు వెలుపలివి. ఏ నవలలో ఇరువురి సమాగమమే ప్రధాన కార్యమై, కథాంతమున ఆ కార్యము సిద్ధించి, చదువరికి మనశ్శాంతి కలుగునో అది ప్రణయ నవల యని ఇచట గ్రహించుచున్నాము.

ఈ ప్రక్రియ మన నేలలో నెట్లు వేరూనినదో సంగ్రహముగ చెప్పవలయును. తెనాలివాడైన చక్రపాణి వంగభాషనుండి శరత్ నవలలను తెనిగించి, కుటుంబములోపలి ప్రేమకథపై తెలుగు చదువరులకు రుచి పుట్టించినవారిలో నొకడు. 1960ల నాటికి స్త్రీ రచయిత్రుల యుగము వచ్చినది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణము’, ‘ప్రేమనగర్’, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ‘మీనా’ మున్నగునవి పత్రికలలో ధారావాహికలుగను, పుస్తకములుగను, పిదప చలనచిత్రములుగను ఇంటింట ప్రవేశించినవి. ‘ప్రేమనగర్’ 1971లోను, ‘మీనా’ 1973లోను, ‘సెక్రటరీ’ 1976లోను తెరకెక్కినవి. గుంటూరు, ఒంగోలు, చీరాల, నరసరావుపేటల వంటి పట్టణములలో అద్దె పుస్తకముల దుకాణములు వీనిని పల్లెలదాక చేర్చినవి. వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు అంతకు పూర్వమే చదువు నలవాటును ఈ మండలమున నాటియుండెను. నేడు అద్దె దుకాణము లించుమించుగ మాసిపోయినవి. ప్రణయ కథ చరవాణిలో భాగములు భాగములుగ వెలువడుచున్నది. సాధనము మారినదే గాని కోరిక మారలేదు.

ఫలనిశ్చయము

ప్రణయ నవలపై మొదటి యాక్షేపణ, ‘ముగింపు ముందే తెలిసిన కథను చదువుటేల?’ అనునది. మా యభిప్రాయమున పఠనతృప్తికి మొదటి హేతువు ఆ తెలియుటయే.

ఇది క్రొత్త విషయము కాదు. మన లాక్షణికులు రూపకమునందలి కార్యమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని అయిదవస్థలు చెప్పిరి. ఫలము సిద్ధించునని ప్రేక్షకునకు మొదటనే తెలియును. కొండవీటి రెడ్డిరాజుల కాలమున, ఈ సీమలోనే, శ్రీనాథుడు ‘శృంగార నైషధము’ను రచించి మామిడి సింగన మంత్రి కంకితమిచ్చెను. నలదమయంతుల వివాహము జరుగునని ఆనాటి శ్రోతలలో నెరుగనివా రెవరు? అయినను, ఒకే రూపముతో కూర్చున్న అయిదుగురు నలుల నడుమ దమయంతి తన నలుని గుర్తింపవలసిన ఘట్టమున మనస్సు తల్లడిల్లక మానదు. ‘అగునా, కాదా’ యను ప్రశ్న తొలగినప్పుడే ‘ఎట్లగును’ అను ప్రశ్నపై చిత్తము నిలుచును. భయము తగ్గినకొలది సూక్ష్మదృష్టి పెరుగును.

పాశ్చాత్య పరిశోధనయు దీనినే బలపరచుచున్నది. జానిస్ రాడ్వే అను అమెరికా విదుషి ఒక పట్టణమునందలి స్త్రీ పాఠకులను ప్రశ్నించి 1984లో గ్రంథము ప్రకటించెను. మంచి ప్రణయ నవలకు సుఖాంతమే ప్రధాన లక్షణమని ఆ పాఠకులు చెప్పిరి. చదువుట యనగా ఇంటి పనులనుండి తమకొరకు తాము తీసికొన్న కొంత సమయమనియు వారి మాటలవలన తేలినది.

ఈ మాట మా మండలమున మరింత బరువుతో వినబడును. పత్తియు మిరపయు పండించు కుటుంబమునకు ఫలాగమము ఏనాడును నిశ్చితము కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనము చేయగా గుంటూరు, ప్రకాశము జిల్లాలలో రైతులు ప్రాణములు తీసికొనిరి. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఎండగట్టినది. పంట చేతికి వచ్చినను, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ దిగిన పిమ్మటగాని ధర తెలియదు. అప్పు, కట్నము, చదువు, వివాహము - అన్నియు ఆ ధరపై వ్రేలాడుచుండును. అట్టి యింటిలో నొక స్త్రీ రాత్రి దీపము ముందు నవల తెరచినప్పుడు, పడిన శ్రమకు ఫలము తప్పక దక్కు లోకము నొకదానిని కోరుట అజ్ఞానమా? కష్టపడినవానికి ఫలము చెందవలయునన్న న్యాయబుద్ధి ఆ కోరికలో దాగియున్నది. దానిని పరిహసించు విమర్శకుడు ముందు దానిని గ్రహింపవలయును.

విఘ్నయోగ్యత

ఫలము నిశ్చితమైనంతమాత్రమున తృప్తి కలుగదు. అట్లైన పెండ్లిపత్రికయే ఉత్తమ ప్రణయ కావ్యము కావలసియుండును. రెండవ హేతువు విఘ్నము యొక్క యోగ్యత.

విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణము’న విప్రలంభమును పూర్వరాగము, మానము, ప్రవాసము, కరుణము అని నాలుగు తెరగుల విభజించెను. నేటి నవలలలోని విఘ్నములను ఈ నాలుగింటిలో నేదో యొకదానిక్రింద చేర్చవచ్చును. అయితే ఏ విఘ్నము తృప్తినిచ్చును? మా సమాధానమిది: వెలుపలి యడ్డంకి లోపలి స్వభావముతో ముడిపడినప్పుడే విఘ్నము యోగ్యమగును. నైషధమున నలుడు దేవతల దూతగా దమయంతికడకు పోయి, తన కోరికకు తానే విరోధిగా మాటలాడవలసివచ్చెను. అడ్డంకి దేవతలు కల్పించినదే. కాని దానిని నిలుపునది నలుని సత్యసంధత. ఆతడు సత్యము తప్పినచో అడ్డంకి తొలగును. తొలగినచో ఆతడు నలుడు కాడు. ఇదియే విఘ్నయోగ్యత.

‘సెక్రటరీ’లో జయంతికిని రాజశేఖరమునకును నడుమ ధనభేదము కలదు. అది మాత్రమే యడ్డమైనచో కథ పది పుటలలో ముగియవలసినది. జయంతి యాత్మాభిమానము దానిని పెంచినది. జీతము పుచ్చుకొను చోట ప్రేమనుకూడ పుచ్చుకొనినచో తన విలువ యేమగునన్న శంక ఆమెది. ఉద్యోగముల కప్పుడప్పుడే వెడలుచున్న ఆనాటి యువతుల కిది తమ శంకయే. కావుననే ఆ నవల వారి హృదయములను పట్టినది.

దీనికి విరుద్ధముగ, ఒక్క మాట యడిగిన తీరిపోవు అపోహపై మూడువందల పుటలు నడపు నవలలు పెక్కు గలవు. ఉత్తరము చేజారుట, చెల్లెలిని ప్రియురాలిగ పొరబడుట మున్నగునవి ఇట్టివి. వీనిని చదువరి మన్నింపదు. పాత్రలు మౌనముగ నుండుట వారి స్వభావమువలన గాక రచయిత యక్కరవలన జరుగుచున్నదని ఆమె పసిగట్టును.

ఒక కథ నూహింతము. పర్చూరు ప్రాంతపు రైతు కుమార్తెయు, గుంటూరు కమీషను వ్యాపారి కుమారుడును పరస్పరము ప్రేమించిరి. ఆమె తండ్రి శీతల గిడ్డంగిలో నుంచిన మిరప బాండుపై ఆ వ్యాపారివద్దనే అప్పు తెచ్చినాడు. యువకుడు తండ్రితో మాటలాడి ఆ యప్పును మాపించినచో కథ చల్లారును. కృతజ్ఞత ప్రేమ స్థానము నాక్రమించును. ఆమె ఆ మాపును నిరాకరించి, సరకు తానే నిలబడి అమ్మించి, లెక్క తీర్చిన పిమ్మట పెండ్లి మాట యెత్తినచో చదువరికి తృప్తి. రెండింటను ముగింపు వివాహమే. భేదమంతయు మార్గమున నున్నది.

అభిజ్ఞానము

మూడవది అభిజ్ఞానము. పమేలా రీజిస్ అను విమర్శకురాలు 2003లో ప్రణయ నవలకు ఆవశ్యకములైన ఎనిమిదంగములను నిరూపించెను. అందు సమాగమ మసాధ్యమని తోచు మృతప్రాయ ఘట్టమొకటి. విఘ్నమును తొలగించు గుర్తింపు మరియొకటి. కాళిదాసు తన నాటకపు పేరులోనే ‘అభిజ్ఞాన’ పదమును చేర్చెనని మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ప్రణయ నవలలో గుర్తింపబడవలసినది ఉంగరము కాదు, మనిషి. పుట్టినింట బరువుగను, అత్తింట పనిమనిషిగను, లెక్కలలో కట్నముగను చూడబడు స్త్రీని ఒకడు ఆమెగనే చూచుట - చదువరి నిరీక్షించున దీ క్షణమును. అది కలుగవలెనన్న కథానాయకుడును మారవలయును. ‘మీనా’లో పట్టణపు ధనికగృహమున పెరిగిన యువతి పల్లెలోని బంధువుల నడుమ జీవించి, మనుష్యుల విలువను కొలుచు తన తూనికరాళ్లనే మార్చుకొనును. ఆ మార్పు పనిపాటలలోనుండి పుట్టినది కావున విశ్వసనీయమగుచున్నది. ఒక్కరు మాత్రమే మారి, రెండవవారు మొదటి పుటలో నున్నట్లే చివరి పుటలోను నుండినచో, అది సమాగమము కాదు, లొంగుబాటు.

స్త్రీవాద విమర్శ లేవనెత్తిన ప్రశ్న యిచటనే ఎదురగును. ఆరడుగుల అందగాడు, కారు, మేడ - వీనితో నాయిక కష్టములన్నియు తీరునని పలుమారులు చెప్పుట యువతులకు మేలు చేయునా? ఈ ప్రశ్న న్యాయమైనది. రాడ్వే సయితము, ఇట్టి పఠనము లోటును కొంత తీర్చుచునే ఆ లోటునకు కారణమైన స్థితిని యథాతథముగ నుండనిచ్చునేమో యని శంకించెను. చేబ్రోలున జన్మించిన వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో పట్టణపు మోజు ఒక రైతు కుటుంబము నెట్లు కూల్చునో చూపెను. అది ప్రణయ నవల కాదు. కాని ప్రణయ నవల మరుగుపరచు లెక్కలను అది విప్పి చూపును. రెండింటిని ప్రక్కప్రక్కన చదువుట మేలు.

అయినను నాయకుని ధనము వేరు, నాయకుని గౌరవభావము వేరు. చదువరులు మరల మరల చదువు ఘట్టములు మేడను వర్ణించునవి కావు. ఒకడు ఒకతె మాటను సాంతముగ వినిన ఘట్టములు, క్షమాపణ కోరిన ఘట్టములు. మేడ యాకర్షణ మాత్రమే. తృప్తి వినుటలో కలదు.

వివరము

నాలుగవది వివరము. ప్రేమ నామరూపములు లేని చోట పుట్టదు. కల్లమున ఎండు మిరపకాయల నడుమ కూర్చుండి తాలుకాయల నేరు స్త్రీల మాటలు, పత్తితీతల దినములలో తెల్లవారకమున్నే లేచు ఇల్లు, పెండ్లిచూపులలో ఎకరముల లెక్క అడుగు పెద్దమనిషి - ఇట్టివి నిజముగ నున్నచో చదువరి ప్రేమనుగూడ నిజమని నమ్మును. ఏ ఊరో తెలియని బంగళాలో, ఏ పనియు చేయని మనుష్యుల నడుమ జరుగు ప్రేమ అట్టి నమ్మకమును పొందదు. పాతతరపు ప్రసిద్ధ నవలలలో ఇంటిలోపలి సంభాషణ - బామ్మల దెప్పుడు, వదినల ఎత్తిపొడుపు - చేసిన మేలు తక్కువ కాదు.

ధారావాహిక పద్ధతి దీనికి తోడ్పడినది. వారము వారము నిరీక్షించు చదువరి, నడుమనున్న దినములలో ఆ పాత్రలను గూర్చి ఇరుగుపొరుగువారితో చర్చించెడిది. పాత్రలు ఆమెకు చుట్టములైరి. నేటి చరవాణి కథకును ఈ లాభము కలదు. కాని ప్రతి భాగమును ఒక గండముతో ముగింపవలెనన్న నియమము మితిమీరినచో, విఘ్నములు సంఖ్యలో పెరిగి యోగ్యతలో తరుగును.

ఉపసంహారము

కావున పఠనతృప్తికి ఫలనిశ్చయము, విఘ్నయోగ్యత, పరస్పరాభిజ్ఞానము, వివరసత్యము అని నాలుగు హేతువులు తేలుచున్నవి. మొదటిది ప్రక్రియ ఇచ్చునది. తక్కిన మూడును రచయిత ఆర్జించుకొనవలసినవి. అన్ని ప్రణయ నవలలకును ముగింపు సమానమే యైనను తృప్తి సమానము కాకుండుటకు కారణ మిదియే. నవల మూసిన పిమ్మట ‘వీరి కిది దక్కెను’ అని మాత్రమే తోచినచో అది వినోదము. ‘వీరు దీనిని సంపాదించుకొనిరి’ అని తోచినచో అది తృప్తి.

చిన్న విషయమని దీనిని త్రోసివేయరాదు. తమతో ఎట్లు మాటలాడవలయునో, తమ మాట కెంత విలువ యుండవలయునో అను కొలతను మూడు తరముల తెలుగు స్త్రీలు పెక్కండ్రు ఈ నవలలనుండియు కొంత నేర్చిరి. ఆ కొలతలో దోషములున్నచో వానిని చూపుట విమర్శ ధర్మము. కొలతయే లేదనుట ధర్మము కాదు. అద్దె దుకాణములు మూతపడినప్పుడు ఆ పుస్తకములు పెక్కు తూకమునకు పోయినవి. మిగిలినవానినైన సేకరించి, పట్టికలు వ్రాసి, వానిని చదివిన వృద్ధ స్త్రీల యభిప్రాయములను వారు జీవించియుండగనే నమోదు చేయుట విశ్వవిద్యాలయ శాఖలు వెంటనే పూనుకొనదగిన పని.