డీజే పెట్టె, మాస్టారి చెవి

వేసవి సెలవుల్లో మీ బడి ఆవరణలో షామియానా వేసి, గేటుకు 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని బ్యానరు కట్టడం మీరు చూసే ఉంటారు. ఇరవై, ముప్పై ఏళ్ళ కిందట అక్కడ పదో తరగతి చదివినవాళ్ళు వస్తారు. పాఠాలు చెప్పిన మాస్టార్లకు శాలువాలు కప్పుతారు. భోజనాలయ్యాక పాటలు మొదలవుతాయి. ఆ పాటలు వేసే కుర్రవాణ్ణి 'డీజే' అంటారు. డిస్క్ జాకీ అన్న మాటకు అది పొట్టి రూపం. డిస్క్ అంటే గ్రామఫోను రికార్డు. ఇప్పుడు అతని బల్లమీద రికార్డులు ఉండవు, లాప్‌టాప్, మిక్సరు ఉంటాయి. పేరు మాత్రం మిగిలింది.

మీటలు నొక్కడమేగా, అదేం పని అనుకుంటున్నారా? తెలిసిన డీజే ముందుగా అడిగే ప్రశ్న "మీది ఏ సంవత్సరం బ్యాచ్?" అని. 1998 అని చెప్పారనుకోండి, ఆ ఏడు వచ్చిన 'తొలిప్రేమ' పాటలు వెతికి పెట్టుకుంటాడు. దీనికి మనస్తత్వ శాస్త్రంలో ఆధారం ఉంది. నడివయసు దాటినవారిని పాత సంగతులు చెప్పమంటే, సుమారు పది నుంచి ముప్పై ఏళ్ళ వయసులో జరిగినవే ఎక్కువగా చెబుతారు. పాటల విషయంలోనూ అంతే. మీరు ఈ ఏడాది వింటున్న పాటలు మీ యాభయ్యో ఏట కూడా మిమ్మల్ని వదలవన్నమాట!

రెండో నేర్పు, ఒక పాటలోంచి మరో పాటలోకి దరువు తప్పకుండా వెళ్ళడం. మొదటి పాటలో నిమిషానికి 100 దెబ్బలు, రెండోదానిలో 104 ఉన్నాయనుకోండి. రెండోదాన్ని దాదాపు 4 శాతం నెమ్మది చేయాలి. రికార్డుల కాలంలో పళ్ళెం తిరిగే వేగం తగ్గించేవారు. కాని వేగం తగ్గితే శ్రుతి కూడా దిగుతుంది. 440 హెర్ట్‌జ్‌ల స్వరం 423కి జారుతుంది. అంటే ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులు. హార్మోనియం వాయించేవారు దాన్ని వెంటనే పట్టేస్తారు. ఇప్పటి యంత్రాలు శ్రుతి కదలకుండానే వేగం మార్చగలవు. అయినా డీజే తలమీది హెడ్‌ఫోను ఒక చెవికే ఆనించుకోవడం గమనించండి. ఆ చెవితో రాబోయే పాట, రెండో చెవితో మోగుతున్న పాట వింటూ దరువు కలుపుతాడు.

కాబట్టి అతని అసలు పనిముట్టు చెవే. విచిత్రమేమిటంటే అతని పని ముందుగా దెబ్బతీసేదీ దాన్నే.

ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తాము. ఈ కొలత మామూలు స్కేలు వంటిది కాదు. 3 డెసిబెల్లు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపు అవుతుంది. 10 పెరిగితే పది రెట్లు. పనిచేసేచోట 85 డెసిబెల్ల మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్లకూ ఆ గడువు సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. ఇలా పోతే 100 డెసిబెల్లకు ఎంత? కాగితంమీద వేసి చూడండి. 15 నిమిషాలే! నాలుగు గంటలు ఆ మోతలో నిలబడిన కుర్రవాడు 16 రోజుల మోతాదు ఒక్క సాయంత్రమే తీసుకున్నట్లు.

లోపల ఏం జరుగుతుంది? నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. శబ్దపు కదలికను నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. మోత ఎక్కువైతే అవి సొమ్మసిల్లుతాయి. ఇంటికి వెళ్ళాక చెవిలో 'కుయ్‌'మని మోగడం అందుకే. తెల్లవారేసరికి తగ్గితే అదృష్టం. పదేపదే జరిగితే కణాలు చచ్చిపోతాయి. కోడిపిల్లలో ఇవి మళ్ళీ పుడతాయని 1980లలో శాస్త్రజ్ఞులు గుర్తించారు. మనిషిలో మాత్రం పోయినవి తిరిగిరావు.

ఇక శాలువా కప్పుకొని ముందు వరుసలో కూర్చున్న మాస్టారి సంగతి చూద్దాం. గౌరవంకొద్దీ ఆయనను సరిగ్గా సౌండుబాక్సుల ఎదుటే కూర్చోబెడతారు! వయసు మీదపడిన చెవికి ముందుగా అందకుండా పోయేవి హెచ్చు పౌనఃపున్యాలు. 'స', 'ష' వంటి హల్లుల గుర్తులు వాటిలోనే ఉంటాయి. పెట్టెలోంచి వచ్చే 'ధబ్ ధబ్' ఏ 50 హెర్ట్‌జ్‌లలోనో ఉంటుంది. గట్టి మంద్రధ్వని తనకంటే పై ధ్వనులను కప్పివేస్తుంది. పాత శిష్యుడు వంగి "సార్, నేను ఫలానా" అని చెప్పినా ఆయన నవ్వి తల ఊపుతారు. పేరు వినపడి కాదు.

కుర్రవాళ్ళకూ కష్టమే. మోతలో మనకు తెలియకుండానే గొంతు పెంచుతాము. దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. ఒకరు పెంచితే పక్కవారూ పెంచుతారు. పాతికేళ్ళకు కలిసినవాళ్ళు మాట్లాడుకోవడానికే కదా వచ్చింది? పాట వాళ్ళను కలిపాక డీజే స్థాయి తగ్గించాలి. నా దృష్టిలో మంచి డీజేకి గుర్తు అదే, పెట్టెల సంఖ్య కాదు.

ఉపాయాలు ఖరీదైనవి కావు. ఆరుబయట దూరం రెట్టింపైతే, చిన్న పెట్టె నుంచి వచ్చే ధ్వని సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. 3 మీటర్ల దగ్గరి కుర్చీని 12 మీటర్లకు జరిపితే 12 డెసిబెల్లు తగ్గినట్లే. గోడ చాటు మాత్రం మంద్రధ్వనిని ఆపలేదు; దాని తరంగదైర్ఘ్యం 7 మీటర్లు, అది గోడను చుట్టి వస్తుంది. పక్క ఊళ్ళోకి పాట రాదు, దరువే వస్తుంది, గమనించారా? డీజేకి సంగీతకారుల కోసం చేసిన చెవి బిరడాలు దొరుకుతాయి. అవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా 15 డెసిబెల్లు తగ్గిస్తాయి. 100 కాస్తా 85 అవుతుంది. పైన వేసిన లెక్క మళ్ళీ చూడండి, అతని గడువు ఎంతకు పెరిగిందో.

ఈసారి మీ బడిలో సమ్మేళనం జరిగితే ఒక పరీక్ష చేయండి. చేయిచాపు దూరంలో ఉన్న స్నేహితునితో మామూలు గొంతుతో మాట్లాడండి. అరవకపోతే వినపడటంలేదంటే అక్కడి మోత సుమారు 85 దాటిందని అర్థం. ఆ సరిహద్దు ఎక్కడుందో సుద్దముక్కతో గీయండి. మాస్టార్ల కుర్చీలు ఆ గీతకు అవతల వేయండి.