14 మంది, 60 కిలోమీటర్లు: టెక్కలి నుంచి బారువ దాకా మా ఇంటి నడక

మాది పలాస. ఒక పెద్ద కుటుంబం మొత్తం కలిసి చాలా దూరం నడవాలంటే ఏమేం చూసుకోవాలి? ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది దాని గురించే. "ట్రెకింగ్ అంటే ఫ్రెండ్స్‌తో వెళ్లాలి గానీ ఇంట్లోవాళ్లతో ఏంటి" అనుకునేవాళ్లు కూడా వినండి. ఎందుకంటే ఫ్రెండ్స్‌తో వెళ్తే కాలు నొప్పి పుట్టగానే అరుస్తాం. ఇంట్లోవాళ్లు అరవరు. మిగతావాళ్లకి ఇబ్బంది అని లోపలే దాచుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ముందు ఎవరెవరు వెళ్లామో చెప్తాను. మామ్మ, పెదనాన్న, పెద్దమ్మ, అమ్మ, నాన్న, చిన్నాన్న, పిన్ని, మేనత్త, మామయ్య, పిల్లలం ఐదుగురం. అన్నయ్యకి 20 ఏళ్లు, నాకు 17, ఆఖరి చెల్లికి 8. మామ్మకి 68. మామయ్యకి సొంత ఆటో ఉంది. సామాను, గిన్నెలు వేసుకుని ఆయన రోడ్డు మీద వస్తారు, మిగతావాళ్లం నడుస్తాం. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు, వైజాగ్ నుంచి అందరూ ఇంటికొస్తారు కదా, అప్పుడే బయలుదేరాం. మొత్తం నాలుగు రోజులు, సుమారు 60 కిలోమీటర్లు.

ఎందుకు నడిచాం?

ఈ ఆలోచన మా పెదనాన్నది. రెండేళ్ల కిందట బ్లడ్ టెస్ట్‌లో ఆయనకి క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. ఉద్దానం వాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి చెప్తాను. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటలోంచి వచ్చిన పేరు అది. ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఇంత పచ్చటి చోట ఏళ్ల తరబడి వేలమందికి కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా. ఇదీ కారణం అని ఒక్కటి ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటరు మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది.

పెదనాన్న చిన్నప్పటినుంచీ సముద్రం ఒడ్డున తిరిగిన మనిషి. "డయాలసిస్ మొదలైపోయినాక ఏటి నడుస్తాను? ఇప్పుడే ఎల్దాం, అందరం ఎల్దాం" అన్నారు. ఆయన్ని చూసే డాక్టరు గారు వద్దనలేదు గానీ మూడు షరతులు పెట్టారు. ఎండెక్కాక నడవకూడదు. కొబ్బరి నీళ్లు తాగకూడదు. నొప్పి మాత్ర వేసుకోకూడదు. మా ప్లాన్ మొత్తం ఈ మూడు షరతుల చుట్టూ తయారైంది.

ఇలాంటి జబ్బు మనకొక్కళ్లకే లేదు. శ్రీలంకలో వరి పండించే ప్రాంతాల్లో ఉంది. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీల్లో ఉంది. అక్కడ ఎండలో గంటల తరబడి పని చేసి ఒళ్లు ఎండిపోవడం ఒక ముఖ్య కారణమని అనుమానం. అందుకే ఎల్ సాల్వడార్‌లో కూలీల కోసం ఒక పద్ధతి పెట్టారు. నీళ్లు, విశ్రాంతి, నీడ. మూడే మాటలు. మేము కూడా అవే పట్టుకున్నాం.

నీళ్లు

మొదటి రోజు టెక్కలి నుంచి తేలినీలాపురం, నౌపడ మీదుగా భావనపాడు. తేలినీలాపురంలో ఊళ్లో చెట్ల మీదే పెలికాన్లు గూళ్లు పెట్టుకుని ఉంటాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా చూడొచ్చు. మా చెల్లి అక్కడినుంచి కదలనంది. నౌపడ దగ్గరికొచ్చేసరికి అంతా ఉప్పు మడులే. కనుచూపు మేర చదును. చెట్టు లేదు, చాటు లేదు.

నాకు ఇచ్చిన పని అందరికంటే వెనక నడవడం. అక్కడ ఒక విషయం కనిపించింది. ఉదయం ఆరింటికి అందరికీ తలో లీటరు సీసా నింపి ఇచ్చాం. పదింటికి మగవాళ్ల సీసాలు ఖాళీ. మామ్మ, పిన్ని, అత్త సీసాలు మాత్రం నింపినవి నింపినట్టే ఉన్నాయి. "దాహం లేదే" అన్నారు ముగ్గురూ. దాహం లేక కాదు. తాగితే బాత్రూమ్ ఎక్కడికి వెళ్లాలి అన్నది వాళ్ల సమస్య. ఇది నడకలోనే కాదు, బస్సు ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో, పొలం పనుల్లో కూడా మన ఆడవాళ్లు చేసే పనే. చాలామంది మగవాళ్లు దీన్ని అసలు గమనించరు.

కాబట్టి ఆ రోజు సాయంత్రం మ్యాప్ మళ్లీ గీశాం. ఎన్ని కిలోమీటర్లు నడవాలి అన్నది పక్కన పెట్టి, బాత్రూమ్ ఎక్కడెక్కడ ఉంది అని పాయింట్లు పెట్టాం. చుట్టాల ఇల్లు, తెలిసిన టీచరు గారిల్లు, పెట్రోలు బంకు. రెండు గంటలకి ఒకటి వచ్చేట్టు. రెండో రోజు నుంచి మామ్మ సీసా కూడా ఖాళీ అయింది. మీరు ఎవరితో వెళ్లినా, ఆడవాళ్లు నీళ్లు తాగట్లేదంటే "తాగండి తాగండి" అని చెప్పడం కాదు, ముందు దీనికి దారి చూడండి.

నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలియడానికి తేలిక గుర్తు మూత్రం రంగు. లేత పసుపు అయితే పర్లేదు. ముదురు పసుపు అయితే తాగింది చాలలేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. రుచి కోసం సగం నీళ్లలో కలపొద్దు. మాకు పొద్దున్న చోడంబలి, మధ్యాహ్నం ఉప్పేసిన మజ్జిగతో చాలావరకు సరిపోయింది.

ఒక జాగ్రత్త. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇవన్నీ వర్తించవు. కొందరికి నీళ్లే కొలత పెట్టి తాగమంటారు. ఓఆర్ఎస్‌లో ఉప్పు, పొటాషియం ఉంటాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకే ప్రమాదం. ఉద్దానంలో ఏ ఇంటికి వెళ్లినా ముందు బొండాం కొట్టి చేతిలో పెడతారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. పెదనాన్న మొహమాటపడి తీసుకునేవారు, నేను పక్కనుంచి అందుకుని తాగేసేదాన్ని. అలా నాలుగు రోజుల్లో ఆయన వాటా బొండాలన్నీ నావే.

విశ్రాంతి

రెండో రోజు నుంచి సముద్రం ఒడ్డు. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెట్టింపుకు పైగా శక్తి పడుతుంది. పిక్కలు వెంటనే చెప్పేస్తాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నడవాలి. పోటు, పాటు రోజుకి రెండేసి సార్లు వస్తాయి, టైము రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అందుకని నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం, అలల సమాచారం ఇస్తుంది, అది చూసుకోండి. ఒడ్డున జాలర్లు కనిపిస్తే వాళ్లని కూడా అడగండి. గెడ్డ అడ్డమొస్తే దాటే ప్రయత్నం చేయకుండా రోడ్డెక్కేయండి. మాకు అది కచ్చితమైన రూలు.

రోడ్డు మీద గంటకి నాలుగు కిలోమీటర్లు వెళ్లిన మేము ఇసుకలో రెండున్నరకి దిగిపోయాం. ఇలాంటప్పుడు గుంపులో ఏమవుతుందో చూడండి. ముందున్నవాళ్లు వెళ్లి కూర్చుని పది నిమిషాలు రెస్ట్ తీసుకుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చేసరికి "పదండి పదండి" అని లేచేస్తారు. అంటే ఎవరికి రెస్ట్ ఎక్కువ కావాలో వాళ్లకే అస్సలు దొరకదు. మా రూలు ఏంటంటే, ఆఖరి మనిషి వచ్చి కూర్చున్నాకే పది నిమిషాలు లెక్క మొదలవుతుంది. ఆఖరి మనిషిని నేనే కాబట్టి టైమరు కూడా నా ఫోన్లోనే. ఈ ఒక్క రూలుతో ముందు పరిగెత్తే మా తమ్ముడు రెండో రోజుకే మామ్మతో సమానంగా నడవడం మొదలుపెట్టాడు. ముందెళ్లి కూర్చుంటే వాడికి బోరు మరి.

మూడో రోజు అక్కుపల్లి దగ్గరికి వచ్చేసరికి అందరికీ మోకాళ్లు, పిక్కలు నొప్పులు. ఎవరి జేబులోంచో నొప్పి మాత్రల స్ట్రిప్ బయటికొచ్చింది. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మనం బిళ్ల కొన్నంత తేలిగ్గా కొనేస్తాం. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసే రసాయనాలు మన శరీరంలో ఉంటాయి. ఈ మాత్రలు వాటినే తగ్గించేస్తాయి. ఎండలో నడిచి, నీళ్లు చాలక, పైన ఈ మాత్ర వేస్తే బాగున్న కిడ్నీకే దెబ్బ, పెదనాన్న లాంటివాళ్లకి చెప్పక్కర్లేదు. మేం స్ట్రిప్ తీసి పక్కన పెట్టేశాం. చల్లటి నీళ్ల గుడ్డ, కాళ్లు పైకి పెట్టి పడుకోవడం, మర్నాడు దూరం తగ్గించుకోవడం. వీటితోనే సరిపెట్టుకున్నాం. నొప్పి తగ్గకపోతే ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరు చెప్పాలి, పక్కింటాయన కాదు.

ఆ రోజు మధ్యాహ్నం పెదనాన్న ఆగి, "నా వల్ల కాదే అమ్మా, నాను ఆటో ఎక్కుతాను" అన్నారు. మా ఇంట్లో ఆయన నోటినుంచి ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. జ్వరంతో కూడా జీడి తోటకి వెళ్లే మనిషి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మామ్మ మాత్రం "అలాగ చెప్పాల, మొదట్నుంచీ అలాగ చెప్తే బాగుణ్ణు" అని ఆయన పక్కనే ఆటో ఎక్కేసింది.

నీడ

మా నడక టైము పొద్దున్న ఆరు నుంచి పదిన్నర, మళ్లీ సాయంత్రం మూడున్నర నుంచి ఐదున్నర. జనవరిలో కూడా అంతే. ఎండాకాలంలో అయితే ఈ నడకే వద్దు. ఒకప్పుడు ఈ తీరమంతా తోటల నీడలోనే వెళ్లొచ్చు అని పెద్దవాళ్లు చెప్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. కొబ్బరి మొక్క పెట్టాక కాపుకి రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. కాబట్టి మ్యాప్‌లో ఆకుపచ్చగా కనిపించినంత మాత్రాన కింద నీడ ఉంటుందనుకోకండి. ఊరివాళ్లని అడగండి.

ఫోన్ సంగతి

మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటల దాకా పెట్టొచ్చు. ముందు నడిచేవాళ్లు, వెనక నడిచేవాళ్లు, ఆటో, ఈ మూడు ఫోన్లలో పెడితే చాలు. మిగతావి ఆఫ్. ఎమర్జెన్సీకి 112, అంబులెన్స్‌కి 108. ఇక లెక్క పెట్టడానికి మాకు యాప్ అక్కర్లేదు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చాం. ఆగిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని వరసగా అరవాలి. నడిచేది పదమూడు మంది, పదమూడు వినిపించాకే కదలాలి.

రాత్రి పూట ఒడ్డుకి వెళ్తే టార్చ్ కొట్టొద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుగు పడితే వెనక్కి వెళ్లిపోతాయి.

నాలుగో రోజు బారువ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు. ఆ రోజు పెదనాన్న పొద్దున్నే నడిచారు, అలిసినప్పుడల్లా చెప్పి ఆగారు, మేమూ ఆగాం. వారం తర్వాత ఎప్పుడూ చేయించే టెస్టులే చేయించాం. క్రియాటినిన్ ముందున్నంతే ఉంది. నడిస్తే అది తగ్గదు, మేము ఆ ఆశతో వెళ్లనూ లేదు. పెరగలేదు, అది చాలు.

2018లో అమెరికాలో అమ్మ, నాన్న, ఆరుగురు పిల్లలున్న ఒక కుటుంబం అప్పలాచియన్ ట్రెయిల్ మొత్తం నడిచింది. సుమారు 3,500 కిలోమీటర్లు, 161 రోజులు. ఆఖరివాడికి రెండేళ్లు, పెద్దమ్మాయికి 16. ఆ దారిలో చెట్ల మీద తెల్ల గుర్తులు, రాత్రి పడుకోవడానికి షెల్టర్లు ఉంటాయి. మన దారిలో అవేవీ లేవు. కానీ మాకు ప్రతి మజిలీలోనూ ఒక చుట్టం ఉన్నారు. పెద్ద కుటుంబానికి అదొక సౌకర్యం, వాడుకోండి.

మీరు మొదలుపెట్టాలంటే 60 కిలోమీటర్లు అక్కర్లేదు. ఈ ఆదివారం ఇంట్లోవాళ్లతో ఐదు కిలోమీటర్లు వెళ్లండి. బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడిగి వెళ్లండి. మీకు ఓపిక ఎక్కువ ఉందంటే ముందు కాదు, ఆఖర్న నడవండి. ఎవరి సీసా నిండుగా ఉంది, ఎవరు కుంటుతున్నారు, ఎవరు మాటలు తగ్గించారు, ఇవన్నీ వెనకనుంచే కనిపిస్తాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.