అగ్నిఘంటికయు నగరశాసనమును

విద్యుత్తంతి మూలమున వార్తలు పంపు విద్య ఇంకను శైశవదశయందుండగనే, 1845లో, అమెరికాదేశమందలి బోస్టన్ నగరవాసియు వైద్యవిద్యాధికుడును అగు విలియం చానింగ్ ఒక అపూర్వమైన ఆలోచనను పత్రికాముఖమున వెల్లడించెను. ఊరికి ఊరికి నడుమ వార్తలు మోయుచున్న ఈ తంతిని ఒకే నగరపు వీథులందు, దేహమున నాడులు వ్యాపించినట్లు వ్యాపింపజేసి, ఏ మూల నిప్పంటుకొన్నను ఆ కబురు క్షణములో కేంద్రకార్యాలయమునకు చేరునట్లు చేయవచ్చునని ఆయన వాదము. మోజెస్ ఫార్మర్ అను యంత్రకోవిదుడు ఆయనకు తోడయ్యెను. నగరపాలకులు ధనమిచ్చిరి. 1852 ఏప్రిల్ మాసాంతమున, లోకమున మొదటి పురపాలక విద్యుదగ్నిఘంటికా వ్యవస్థ బోస్టన్‌లో పని చేయ నారంభించెను. వీథి మూలలయందు గోడలకు ఇనుప పెట్టెలను బిగించి, ఒక్కొక్క పెట్టెకు ఒక సంఖ్య నేర్పరచిరి. పెట్టెలోని చేతిపిడిని మెల్లగా త్రిప్పినచో ఆ సంఖ్య తంతిమీదుగా కార్యాలయమునకు చేరును. అచటి ఉద్యోగి దానిని చదువుకొని, ఊరిలోని గంటలను నిప్పంటుకొన్న ప్రాంతము తెలియునట్లు మ్రోగించును. తొలి పిలుపే తడబడినది: పిడిని అతివేగముగా త్రిప్పుటచే సంఖ్య చెదరిపోగా, త్రిప్పిన మనుష్యుడు స్వయముగా కార్యాలయమునకు పరుగెత్తి చెప్పవలసివచ్చెను.

ఈ పెట్టెలకు బీగములు వేసియుండిరి. బీగపుచెవులు పోలీసువారి యొద్దను, చుట్టుపట్ల నివసించు నమ్మకస్తులైన పెద్దమనుష్యుల యొద్దను ఉండెడివి. ఆకతాయిలు పిడి త్రిప్పి ఊరినంతటిని వృథాగా లేపుదురేమో యన్న భయమే దీనికి హేతువు. ఆ భయము అకారణమైనదని నేననను. మంటలులేని చోటికి పరుగెత్తిన యంత్రము, అదే నిమిషమున మఱియొక చోట మంటలు రేగినచో అచటికి పోజాలదు గదా. కాని హెచ్చరికకు అడ్డముగా నిలిచిన ఆ బీగమునకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చునో 1872 నవంబరు 9వ తేది శనివారము సాయంకాలము తేలినది. సమ్మర్ వీథియు కింగ్‌స్టన్ వీథియు కలియు మూలనున్న ఒక గిడ్డంగి నేలమాళిగయందు అగ్ని పుట్టెను. దారిని పోవువారు చూచిరి, కేకలు వేసిరి, కాని పెట్టె తెరుచుటకు చెవి వారియొద్ద లేదు. నది కావలనున్న చార్లెస్‌టౌన్ అగ్నిమాపకదళమువారు ఆకాశమున ఎఱ్ఱని వెలుగు చూచి కదలిన పిమ్మటగాని బోస్టన్ నగరపు గంటలు మ్రోగలేదు. 52వ సంఖ్యగల పెట్టెనుండి మొదటి సంకేతము వెలువడునప్పటికి గంట ఏడు దాటి ఇరువదినాలుగు నిమిషములైనది. అప్పటికే అగ్నిజ్వాలలు మేడయెత్తునకు ప్రాకినవి. ఆ మాసములో గుఱ్ఱములకు ప్రబలిన అంటురోగముచే అగ్నిమాపకయంత్రములను మనుష్యులే ఈడ్చుకొని పోవలసివచ్చుట, నీటిగొట్టములు సన్నవగుట, మేడల పైకప్పులు కొయ్యతో నిర్మింపబడియుండుట, ఇవన్నియు తోడై, 776 కట్టడములు భస్మమై సుమారు 65 ఎకరముల వాణిజ్యకేంద్రము బూడిదయయ్యెను. నష్టమునకు బీగమొక్కటే కారణమని చెప్పుట అన్యాయము. అయినను తక్కిన కారణములు ప్రకృతివశమునను లోభమువలనను వచ్చినవి కాగా, బీగము మాత్రము రక్షణ పేరిట మనుష్యులు బుద్ధిపూర్వకముగా వేసినది.

నాడు వృథాపిలుపునకు కర్త ఆకతాయి మనుష్యుడు. నేడు ఆ కర్తృత్వము చాలవరకు యంత్రమునకు సంక్రమించినది. మన కార్యాలయములయొక్కయు ఆసుపత్రులయొక్కయు పైకప్పులకు తెల్లని గిన్నెలవలె అతుక్కొనియుండు స్మోక్ డిటెక్టర్లు ఏ సూత్రముపై పనిచేయునో తెలిసినగాని, అవి పొరబడు తీరు బోధపడదు. ఒక జాతి డిటెక్టరునందు అమెరిషియం-241 అను రేడియోధార్మిక పదార్థము అత్యల్పముగా ఉండును. దాని నుండి వెలువడు ఆల్ఫా కణములు రెండు లోహపు పలకల నడుమనున్న గాలిని అయనీకరించుటచే, ఆ పలకల మధ్య మిక్కిలి సన్నని విద్యుత్ప్రవాహము ఎడతెగక సాగుచుండును. పొగకణములు లోనికి జొచ్చి అయానులను తమకు అంటించుకొన్నంతనే ఆ ప్రవాహము తగ్గును, అలారం మ్రోగును. రెండవ జాతియందు చీకటిగదిలో ఒక కాంతిపుంజము కాంతిగ్రాహకమునకు తగులని దిశగా పోవుచుండును; పొగ ప్రవేశించినప్పుడు కాంతి చెదరి గ్రాహకముపై పడును. మొదటిది భగ్గున మండు మంటల సూక్ష్మకణములను త్వరగా పసిగట్టును. రెండవది పరుపులు, దూది వంటివి రాజుకొనునప్పటి దట్టమైన పొగను ముందుగా గుర్తించును. అయితే వీనిలో ఏదియు అగ్నిని చూచుట లేదు. గాలిలో కణములు కలవా లేవా అన్నంత మాత్రమే వీనికి తెలియును.

కావుననే అమెరికాలోనో ఇంగ్లండులోనో అపార్టుమెంటునందు కాపురముండు తెలుగువారు పప్పులోనికి తాలింపు పెట్టునప్పుడు అలారం కూయుట. నూనె బాగుగా కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ నల్లబడు నిమిషమున మూకుటినుండి లేచు కణములు కంటికి కానరానంత సూక్ష్మములు; అయనీకరణ డిటెక్టరునకు అవి నిజమైన మంటవలె తోచును. రెండవ జాతి డిటెక్టరు తాలింపును కొంతవరకు సహించునుగాని స్నానాలగదినుండి వచ్చు ఆవిరికిని, మరమ్మతుల వేళ లేచు ధూళికిని, లోపల దూరిన చిన్నపురుగునకును మోసపోవును. అందుచేతనే పొయ్యికి పది అడుగుల లోపల పొగడిటెక్టరును సాధారణముగా అమర్చరాదని అమెరికాదేశపు నియమావళి విధించినది. వంటగదిలో అమర్చదగినది ఉష్ణోగ్రతను కనిపెట్టు డిటెక్టరు. అది సుమారు 57 డిగ్రీల సెల్సియస్ వేడిమికిగాని, నిమిషమునకు ఎనిమిది డిగ్రీలకు మించి వేడిమి పెరిగినప్పుడుగాని మేల్కొనును. అది ఆలస్యముగా మేల్కొనుమాట నిజమే, కాని తాలింపునకు భయపడదు.

ఇచట ఒక చిన్న లెక్క వేసి చూడవలయును. ఒక భవనమునందు నూరు డిటెక్టర్లున్నవనియు, ప్రతియొకటియు ఐదేండ్ల కొకసారి మాత్రమే పొరబడుననియు అనుకొందము. ఒక యంత్రమునకు ఇది పెద్ద తప్పేమియు కాదు, మంచి నడతయే. అయినను ఆ భవనమున ఏటికి ఇరువది కల్ల అలారములు మ్రోగును. నిజమైన అగ్నిప్రమాదమో, ఒక తరమున కొకసారి వచ్చినను వచ్చును, రాకున్నను రాకపోవును. కాబట్టి గంట మ్రోగినప్పుడు ‘ఇది ఉత్తదే’ యని తలచువాడు నూటికి తొంబదితొమ్మిదికి పైబడిన పర్యాయములు సరిగానే తలచుచున్నాడు. ఆ మిగిలిన ఒక్క పర్యాయమే ప్రాణాంతకము.

2000 జనవరి 19వ తేది తెల్లవారుజామున, న్యూజెర్సీ రాష్ట్రమందలి సీటన్ హాల్ విశ్వవిద్యాలయపు వసతిగృహమైన బోలండ్ హాలులో అలారం మ్రోగెను. అంతకుముందు సెప్టెంబరు మొదలుకొని ఆ గృహమున పదునెనిమిది వృథా అలారములు మ్రోగియుండుటచే, విద్యార్థులలో పలువురు ఇదియు అట్టిదే యని తలచి దుప్పటి ముసుగు తీయలేదు. ముగ్గురు విద్యార్థులు మరణించిరి. ఏబదిమందికి పైగా గాయపడిరి. ఆ బాలురు మూర్ఖులనుట తగదు. పదునెనిమిది మారులు అబద్ధమాడిన యంత్రమును పందొమ్మిదవ మారు నమ్మకపోవుట మనుష్యస్వభావము. తప్పు ఆ పదునెనిమిదింటిని ఉపేక్షించినవారిది. ఆ రాష్ట్రశాసనసభ ఆ యేటనే వసతిగృహములందు నీరు చిమ్ము స్ప్రింక్లర్లను నిర్బంధము చేసినది.

కల్ల అలారమును అరికట్టుట యన్నది, కావున, అగ్నిమాపకదళపు పెట్రోలు ఖర్చునకు సంబంధించిన చిల్లరవ్యవహారము కాదు. అమెరికాదేశపు నగరములు, కౌంటీలు అనేకములు ఇందుకై స్వంత శాసనములు చేసికొన్నవి. అలారం గల భవనపు యజమాని నగరమునందు దానిని నమోదు చేయించుకొనవలయును. సంవత్సరమున మొదటి రెండు మూడు వృథాపిలుపులు క్షంతవ్యములు. ఆపై ప్రతిదానికిని రుసుము, అదియు మెట్టుమెట్టుగా పెరుగును. లండన్ అగ్నిమాపకదళము 2014లో, ఒకే భవనమునకు పండ్రెండు మాసములలో పది వృథాపిలుపులకు మించి పోవలసివచ్చినచో రుసుము విధింప నారంభించినది. ఈ పద్ధతి నాకు సమ్మతము. ఏలయన ఇందు శిక్ష పడునది పిలిచినవానికి కాదు. డిటెక్టరును తుడిపింపక, తప్పుచోట అమర్చి, పాడైనదానిని మార్పింపక ఊరకున్న యజమానికి.

దీనినుండి ఒక అడుగు ముందుకు వేసి, స్కాట్లండు అగ్నిమాపకదళము 2023 జూలై 1వ తేది నుండి, కార్యాలయములు, కర్మాగారములు, అంగళ్లు మొదలగు చోట్లనుండి యంత్రము తనంతట తాను పంపు సంకేతమొక్కదానితోనే కదలుట మానినది. మంటగాని పొగగాని కన్నట్లు ఒక మనుష్యుడు ధ్రువీకరింపవలయును. జనులు నిద్రించు ఆసుపత్రులు, వృద్ధాశ్రమములు, హోటళ్లు ఈ నియమమునకు వెలి. లండన్ దళము 2024 అక్టోబరు చివర ఇట్టి నియమమునే, పగటివేళకు మాత్రము, అనుసరించినది. ఈ రెంటిని గూర్చి నాకు కొంత సంకోచము కలదు. ధ్రువీకరించుటకు మనుష్యుడు లేనిచోట ఈ నియమము మరల బోస్టన్ బీగమే కాదా? ఆదివారము మూతపడిన గిడ్డంగియందు పొగను చూచువాడెవ్వడు? నిద్రాస్థలములను వెలి చేయుటయు, లండనువారు రాత్రివేళను విడిచిపెట్టుటయు వివేకము. దానివలన ప్రాణభయము చాలవరకు తీరును, ఆస్తిభయము తీరదు. ధ్రువీకరణమును నిజముగా సురక్షితము చేయదలచినచో, దానికి కాలపరిమితి ఉండవలయును. అమెరికాదేశపు నియమావళి ఒక మార్గము చూపినది: శిక్షితులైన సిబ్బంది గలచోట, సంకేతము వచ్చిన పదునైదు సెకనులలో ఎవరైన బటను నొక్కి స్వీకరింపవలయును, ఆపై పోయి చూచుటకు మూడు నిమిషములు, ఆలోగా వెనుకకు తీసికొననిచో, లేదా రెండవ డిటెక్టరు పలికినచో, అలారం తనంతట తానే అంతటను మ్రోగును. ఇచట మనుష్యుడు సోమరియైనను హెచ్చరిక ఆగదు.

హెచ్చరికదారిని మూయరాదనుటకు మఱియొక సాక్ష్యము కలదు. న్యూయార్కు నగరపాలకులు 1990లలో బోస్టన్ పెట్టెలవంటి తమ వీథిపెట్టెలను తొలగింపదలచిరి. వానినుండి వచ్చు పిలుపులలో అత్యధికభాగము అబద్ధములే యగుట వారి వాదమునకు బలము. కాని టెలిఫోనులో మాటాడజాలని బధిరులు, మాకు వీథిలో సహాయము కోరుటకు ఇదియొక్కటే దారి యని న్యాయస్థానమును ఆశ్రయింపగా, 1996లో ఫెడరల్ న్యాయమూర్తి ఆ తొలగింపును నిలిపివేసెను. వృథాపిలుపుల సంఖ్య ఎంత పెద్దదైనను, నిజముగా పిలువవలసినవాని దారి మూయుటకు అది చాలదని ఆ తీర్పునుండి నేను గ్రహించిన తాత్పర్యము.

మన దేశమున జాతీయ భవననిర్మాణ నియమావళి, 2016 కూర్పు, నాలుగవ భాగమునను, ఐ.ఎస్. 2189 అను భారతీయ ప్రమాణమునను డిటెక్టర్ల ఎంపికను గూర్చియు సంరక్షణను గూర్చియు వివరమైన విధులు కలవు. రాజ్యాంగపు పండ్రెండవ షెడ్యూలు అగ్నిమాపకసేవలను పురపాలక సంస్థలకు అప్పగింపదగిన పనులలో చేర్చినది. కావున స్థానికశాసనమునకు అవకాశము లేకపోలేదు. మన నగరములలో వ్యాధి మాత్రము వేరొక రూపమున ఉన్నది. ఇచట ఉత్తుత్తి అలారం అగ్నిమాపకకేంద్రమువరకు పోదు. పెద్ద భవనమున గేటు ప్రక్క గదిలోనున్న కంట్రోలు ప్యానెలు రెండు మూడు మారులు ఊరకే కూసినచో, వాచ్‌మన్ దాని బజరును కట్టివేయును, ఆపై ఎవ్వరును దానిని మరల తెరువరు. ఎఱ్ఱని దీపము నెలల తరబడి వెలుగుచునే యుండును. బుద్ధిమంతములైన ప్యానెళ్లు తాము ఎప్పుడు మ్రోగినదియు, ఎప్పుడు తమ నోరు మూయింపబడినదియు గంట నిమిషములతో సహా తమలో వ్రాసికొని యుంచును. ఫైర్ ఎన్.ఓ.సి. యను అగ్నిమాపకశాఖవారి నిరాక్షేపణపత్రపు పునరుద్ధరణకు వచ్చు అధికారి గొట్టములలో నీరున్నదా యని చూచుటతో నిలువక, గడచిన పండ్రెండు మాసముల ఆ పట్టికను అచ్చొత్తించి యిమ్మని అడుగవలయును. ఏ అంతస్తున ఏ డిటెక్టరు మాటిమాటికి పొరబడినదో, దానిని మార్చిరో లేక కేవలము నోరు మూయించిరో అందు తేటతెల్లమగును. మూయించినట్లు తేలినచో, అది బాగుపడి మరల పరీక్షింపబడువరకు ఆ పత్రముపై సంతకము పెట్టరాదు.