లూయిజీ లుజ్జాట్టి: ప్రజా బ్యాంకు నుండి ప్రధానమంత్రి పదవికి

పరపతి సంఘమునకు మూలధనము ధనవంతుల పెట్టెలనుండియే రావలెనని పలువురు తలంచుచుందురు. సభ్యుని నడవడియు, వాయిదాకు చెల్లించు నలవాటును, సరియైన లెక్కయు నంతకంటె ముఖ్యమైన మూలధనమని ఇటలీ దేశస్థుడగు లూయిజీ లుజ్జాట్టి చరిత్ర మనకు తెలుపుచున్నది. సంఘ సభ్యు లీ చరిత్ర నెఱుగుట మేలని యిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నారము.

లుజ్జాట్టి 1841 లో వెనిస్ పట్టణమున నొక యూదుల కుటుంబమున జన్మించెను. నాడా పట్టణము ఆస్ట్రియావారి పాలనలో నుండెను. పాడువా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన పిమ్మట, ఆయన ఆర్థిక విషయములపై చేసిన ప్రసంగములు పోలీసువారి కనుమానము గలిగించెను. అందుచే స్వస్థలము విడిచి, 1863 లో మిలాన్ నగరమున ఉపాధ్యాయుడయ్యెను.

1865 లో ఆయన మిలాన్ ప్రజా బ్యాంకును స్థాపించెను. జర్మనీలో షుల్జె డెలిష్ అను న్యాయాధిపతి చేతిపనివారికై నెలకొల్పిన పరపతి సంఘములే దీనికి మాతృక. అయితే జర్మనీలో సభ్యులందఱు తమ యావదాస్తితో సంఘపు బాకీలకు పూచీపడవలసి యుండెను. ఇటలీ పట్టణవాసు లట్టి పూచీకి సమ్మతింపరని గ్రహించి, లుజ్జాట్టి సభ్యుని బాధ్యతను వాటా సొమ్మువఱకే పరిమితము గావించెను. వాటా 50 లీరాలు. దానిని కొంచెము కొంచెముగ వాయిదాలపై చెల్లింపవచ్చును. ఎన్ని వాటాలున్నను ఒక్కొక్కరికి ఒక్కటే వోటు. డైరెక్టర్లు జీతము లేకయే పనిచేసిరి. అప్పు నడిగినవాని తాహతును, నడవడిని తోటి సభ్యులే విచారించుచుండిరి. తాకట్టు పెట్టుట కేమియు లేని పేదలకు ‘గౌరవ ఋణము’ అనుపేర చిన్న మొత్తము లొసగుట ఈ బ్యాంకుల విశేషము. పుచ్చుకొన్నవాని మానమే దానికి జామీను.

గ్రామములలోని రైతులకు వేఱు పద్ధతి కావలసివచ్చెను. లియోనె వోలెంబోర్గ్ అను నాయన 1883 లో పాడువా సమీపమున లోరేజ్జా గ్రామమందు, జర్మనీలోని రైఫైజన్ సంఘముల ననుసరించి, అపరిమిత బాధ్యతతో మొదటి గ్రామ పరపతి సంఘమును స్థాపించెను. ఆయనయు 1901 లో ఆర్థిక మంత్రి యయ్యెను.

లుజ్జాట్టి 1869 లోనే వ్యవసాయ వాణిజ్య శాఖలో ఉపకార్యదర్శి పదవి నందెను. 1871 లో శాసనసభ్యుడును, 1891 లో ఖజానా మంత్రియు నయ్యెను. అచ్చట నాయన చేసిన యొక పని విమర్శకు పాత్రమైనది. ఆ కాలమున ఇటలీలో నోట్లు ముద్రించు అధికారము పెక్కు బ్యాంకులకుండెను. ఒక బ్యాంకు నోట్లు మఱియొక బ్యాంకునకు చేరినప్పుడు, వానిని ఎప్పటికప్పుడు మార్చుకొని లెక్క తేల్చుకొనవలెనను నియమ ముండెడిది. దానిని లుజ్జాట్టి తొలగించెను. హద్దుమీరిన బ్యాంకుల గుట్టు దాగుట కది తోడ్పడెను. 1893 లో రోము బ్యాంకు పరిమితికి మించి నోట్లు ముద్రించిన సంగతియు, వానిలో ఒకే నంబరుగలవి రెండేసి యున్న సంగతియు బయటపడి దేశము కల్లోలమయ్యెను. ఒకరి నొకరెఱిగి లెక్క చూచుకొను పద్ధతిని చిన్న బ్యాంకున నెలకొల్పిన వాడే పెద్ద ఖజానాలో దానిని సడలించుట విచారకరము.

అయినను ఆయన యంతటితో నాగిపోలేదు. 1896 లో మరల ఖజానా మంత్రియై, నేపుల్సు బ్యాంకు కూలిపోకుండ తగిన శాసనములు చేయించెను. పేదలకు చౌక గృహములు కట్టించు 1903 నాటి శాసన మాయన పేరనే ప్రసిద్ధము. 1909 లో వ్యవసాయ మంత్రిగను, 1910 మార్చి మొదలు ఒక సంవత్సరము ప్రధానమంత్రిగను నుండి, 1927 లో రోమునగరమున మరణించెను.

ఈ యుద్యమమునకును మనకును సంబంధము కలదు. చెన్నరాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ దొర 1895, 1897 సంవత్సరములలో ప్రకటించిన నివేదికలందు ఐరోపా పరపతి సంఘములను సవిస్తరముగ పరిశీలించెను. 1904 లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను.

మిలాన్ బ్యాంకు మాత్రము క్రమముగ మిక్కిలి పెరిగెను. పెద్ద ప్రజా బ్యాంకులు సాధారణ వాటాల కంపెనీలుగ మారవలెనని 2015 లో ఇటలీ ప్రభుత్వము శాసించెను. 2017 లో నా బ్యాంకు వేఱొక బ్యాంకుతో కలిసిపోయెను. పేరు కొంత మిగిలినది. మనిషికొక వోటు పోయినది.

రైతు సోదరులారా! ఆ వోటు మీ చేతిలో నింకను కలదు. సర్వసభ్య సమావేశమునకు తప్పక వెళ్లుడు. సంఘపు చిట్టాను, రొక్కపు పెట్టెను, బ్యాంకు పాసుపుస్తకమును సరిచూపుడని యడుగుడు. అట్లడుగుట పంచాయతుదారులను శంకించుట కాదు. అది సభ్యుని ధర్మము.